ధూళి ముద్ద గోళీకాయ కాదు

నక్షత్రం చుట్టూ గ్రహాలు ఏర్పడకముందు తిరిగే ధూళి ముద్దలు ఢీకొంటే ఏమవుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. ఒంగోలు, నెల్లూరు నుంచి ప్రాజెక్టుల కోసం ఫోన్ చేసే ఎమ్మెస్సీ విద్యార్థులు ఏటా ఒకే చోట చిక్కుకుంటున్నారు.

అపోహ: ముద్దను గట్టి బంతిగా తీసుకోవచ్చు. గుల్లగా ఉంటే మాత్రం ఇట్టే పగిలిపోతుంది.

వాస్తవం: గుల్లదనమే ముద్దను కాపాడుతుంది. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరిమాణపు రేణువులు వాన్‌డర్‌వాల్స్ బలంతో, అంటే అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణతో, అంటుకుని ఉంటాయి. దెబ్బ తగలగానే అవి ఒకదానిపై ఒకటి దొర్లి సర్దుకుంటాయి. ఢీకొన్న శక్తిలో చాలా భాగం ఆ దొర్లుడుకే ఖర్చయి, ముద్ద అణిగి అతుక్కుంటుంది. ఆ దొర్లుడుకు పట్టే శక్తికి 1997లో శాస్త్రవేత్తలు డొమినిక్, టీలెన్స్ ఇచ్చిన సూత్రాల నుంచే నేటికీ మొదలుపెడతాం. ముద్ద వెనక్కి ఎగరాలంటే రేణువులు కిక్కిరిసి ఉండాలి; ఒక్కో రేణువును సగటున ఆరు పొరుగు రేణువులైనా తాకుతుండాలని కంప్యూటర్ అనుకరణల్లో తేలింది. ప్రయోగశాలలో రేణువులను ఒక్కొక్కటిగా రాల్చి పేర్చిన ముద్దలో ఘనపదార్థం 15 శాతమే. దాన్ని బంతి అనుకుంటే అసలు విషయమే లెక్కలోంచి జారిపోతుంది!

చీమకుర్తిలో మా వీధిన గ్రానైట్ పలుకు గచ్చు మీద పడితే ఎగిరేది. అమ్మ అరిసెలకు పిండి జల్లిస్తుంటే జారిపడిన ఉండ మాత్రం చదునై పడిన చోటే ఉండిపోయేది. అక్కడ అతికించేది తడి, ఇక్కడ అణువుల ఆకర్షణ. సర్దుకునే తీరు ఒక్కటే.

కావలి నుంచి ఒక అమ్మాయి రాత్రి పదకొండుకు ఫోన్ చేసింది. “నాలుగు నెలలు పోయాయి సార్, ముద్దలన్నీ ఎగిరిపడుతున్నాయి” అని ఏడ్చింది. “నీ ప్రోగ్రాం తప్పు కాదమ్మా, బంతి తీసేసి రేణువులు పెట్టు” అన్నాను. మూడు వారాల్లో ముద్దలు అతుక్కున్నాయి.

మిగతావి క్లుప్తంగా. ఇంత చిన్న ముద్దను గురుత్వాకర్షణ పట్టి ఉంచదు. ఎంత వేగంతో తగిలినా రేణువులు అంటుకుంటాయనడమూ తప్పే. మైక్రాన్ పరిమాణపు సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) రేణువులకు హద్దు సెకనుకు సుమారు ఒక మీటరు. ఇదంతా ఊహ కాదు, 67పి తోకచుక్క దగ్గర యూరప్ పంపిన రోసెట్టా అంతరిక్ష నౌక ఇలాంటి గుల్ల రేణువులను పట్టింది. ధూళి ముద్దలు ఊళ్ల మీద పడతాయనే ఫోన్ సందేశాలను దయచేసి పంచకండి. మన గ్రహాలను కట్టిన ముద్దలు సుమారు 456 కోట్ల ఏళ్ల నాటివి.

గడువు దగ్గరపడి కంగారుపడుతున్నవారు ముందు రెండే రేణువుల తాకిడిని సరిచూసుకోండి. తర్వాత వంద రేణువుల ముద్ద చేయండి. మామూలు ల్యాప్‌టాప్ చాలు.