ముద్దముద్దకీ బతిమాలకండి

ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల తిండి విషయంలో విజయవాడ, గుంటూరు ఇళ్లలో తరచూ వినపడే మాటలివి.

అపోహ: ఏడాది నిండాక తిండి తగ్గింది, ఏదో జబ్బే.

వాస్తవం: మొదటి ఏడాదిలో బిడ్డ బరువు మూడింతలవుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. గ్రోత్ చార్టులో (వయసుతో పాటు బరువు, ఎత్తు ఎలా పెరుగుతున్నాయో చూపే గీతల పట్టిక) బరువు, ఎత్తు తన గీత వెంటే సాగుతుంటే కంగారు అక్కర్లేదు. గీత కిందికి జారుతుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

అపోహ: ఫోన్ పెట్టి, బతిమాలి ఎలాగోలా గిన్నె ఖాళీ చేయించాలి.

వాస్తవం: పిల్లలకు తిండి మీద ఇష్టం పోయేది ఎక్కువగా ఇక్కడే. బొమ్మలు చూస్తూ మింగేవాడికి కడుపు నిండిన సంగతీ తెలియదు, తిన్నదాని రుచీ తెలియదు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి పెద్దలు చూసుకోవాలి. ఎంత తినాలన్నది పిల్లలకు వదిలేయాలి. మూడు పూటలా భోజనం, నడుమ రెండుసార్లు చిరుతిండి, ఒక్కోదానికీ రెండున్నర మూడు గంటల ఎడం. ఆ ఎడంలో మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. మొదటి వడ్డనలో కూర పిల్లల వయసులో ఒక్కో ఏడాదికీ ఒక టేబుల్ స్పూను లెక్కన చాలు, అడిగితే మళ్లీ పెట్టండి. అరగంట దాటితే కోప్పడకుండా పళ్లెం తీసేయండి. మొదటి నాలుగు రోజులూ పేచీ తప్పదు. అప్పుడు నాయనమ్మో తాతయ్యో జాలిపడి బిస్కెట్ ఇస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఇంట్లో అందరూ ముందే ఒక మాట అనుకోవాలి.

అపోహ: రెండుసార్లు పెట్టాం, ఉమ్మేశాడు. వాడికి బీరకాయ పడదు.

వాస్తవం: కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది పదిసార్లు పడుతుంది, కొందరికి పదిహేను. ముట్టుకుని, వాసన చూసి వదిలేసినా ఆ లెక్కలోకే వస్తుంది. ఇష్టంగా తినే ముద్దపప్పు, నెయ్యి అన్నం పక్కన ఒక్క ముక్క పెట్టి ఊరుకోండి.

మన వైపు ఇంకో చిక్కుంది, కారం. నోరు మండిన పిల్ల ఆ మంటను బీరకాయకే అంటగడుతుంది. ముక్కలు నీళ్లలో కడిగి పెడితే కారం పూర్తిగా పోదు, రుచి మాత్రం పోతుంది. ముక్క మెత్తబడ్డాక, ఉప్పూకారం వేయకముందే, పిల్ల వాటా వేరే గిన్నెలోకి తీయండి. అందులో కొంచెం జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు, అర చెంచా నెయ్యి చాలు. గోంగూర పప్పయితే పచ్చిమిర్చి లేకుండా ఉడికించి, పప్పు వంతు పెంచండి, పులుపు తగ్గుతుంది.

అపోహ: పప్పు తేటలోనే బలమంతా.

వాస్తవం: తేటలో ఎక్కువగా ఉండేది నీళ్లే. మాంసకృత్తులు అడుగున ఉన్న పప్పులో ఉంటాయి. మెదిపి, చెంచా వంచినా జారిపోనంత చిక్కగా పెట్టండి.

అపోహ: అన్నం తినకపోయినా పాలు తాగుతున్నాడు, చాలు.

వాస్తవం: రోజుకు అర లీటరు దాటితే పాలే కడుపు నింపేస్తాయి. పాలలో ఇనుము చాలా తక్కువ, పైగా తిండిలోని ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. తోటకూర పప్పు పొయ్యి మీంచి దించాక నిమ్మరసం పిండండి, లేదా భోజనం తర్వాత పండిన జామకాయ గింజలు తీసి ఇవ్వండి. వాటిలోని సి విటమిన్ ఇనుమును ఒంటబట్టిస్తుంది. రోజుకో ఉడికించిన గుడ్డు పెట్టొచ్చు. పిల్లలకు టీ వద్దు. పాలలో కలిపే పొడులు కొనేముందు డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదవండి. ఇలాంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్స్’ విభాగంలో చూపవద్దని కేంద్రం 2024లో ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది.

అపోహ: పెరుగు, అరటిపండు జలుబు చేస్తాయి.

వాస్తవం: జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు కాసేపు బయట ఉంచి పెట్టండి, అంతే.

అపోహ: వేరుశనగ గుళ్లు బలం, గుప్పెడు చేతిలో పోస్తే చాలు.

వాస్తవం: బలమే, కానీ నాలుగేళ్లు నిండేదాకా గుళ్లు, శనగలు అలాగే ఇవ్వకూడదు, గొంతుకు అడ్డుపడతాయి. వేయించి మెత్తగా పొడి కొట్టి, నెయ్యి వేసి అన్నంలో కలపండి. ద్రాక్ష అయితే నిలువునా నాలుగు చీలికలు చేసి ఇవ్వండి.