కాలిఫోర్నియాలో ఫెర్రెట్ ఎందుకు నిషిద్ధం?

ఉద్యోగం మారి డాలస్ నుంచి ఫ్రీమాంట్‌కు కాపురం మార్చే తెలుగు కుటుంబం కుక్కనో పిల్లినో వెంట తీసుకెళ్లవచ్చు గానీ, పిల్లలు ముద్దుగా పెంచుకున్న ఫెర్రెట్‌ను మాత్రం కాలిఫోర్నియాలోకి తీసుకెళ్లకూడదు. చూడటానికి మన ముంగిసను తలపించే ఈ సన్నని, పొడవాటి జంతువు నిజానికి నీటికుక్కల కుటుంబానికి చెందినది. బొరియల్లో దాక్కున్న కుందేళ్లను బయటికి తరిమించడానికి యూరప్ ప్రజలు దీన్ని పోల్‌క్యాట్ అనే అడవి జంతువు నుంచి రెండు వేల ఏళ్ల క్రితమే మచ్చిక చేసుకున్నారు.

అంతకాలంగా మనిషి చేతి కింద పెరిగిన జీవిని వన్యప్రాణిగా లెక్కగట్టడం దగ్గరే చిక్కు మొదలైంది. బయటి నుంచి వచ్చే వన్యప్రాణుల వల్ల పంటలకూ స్థానిక జీవజాతులకూ ముప్పు రాకూడదని కాలిఫోర్నియా 1933లో ఆంక్షలు తెచ్చింది. నేడు ఆ రాష్ట్ర ఫిష్ అండ్ గేమ్ కోడ్‌లోని 2118వ సెక్షన్ కింద ఫెర్రెట్‌ను అనుమతి లేకుండా ఉంచుకోవడం నేరం.

ఈ భయానికి ఆధారం లేకపోలేదు. న్యూజిలాండ్‌లో కుందేళ్ల బెడద తట్టుకోలేక 1880లలో ఫెర్రెట్లను వేల సంఖ్యలో బయట వదిలారు. శత్రుభయం ఎరుగక నేల మీదే గూడు కట్టుకునే పక్షులకు, ఎగరలేని కివికి సైతం, అవే ప్రాణాంతకమయ్యాయి. చివరికి 2002లో అక్కడ వాటి అమ్మకాన్నీ, పెంపకాన్నీ నిషేధించాల్సి వచ్చింది. అయితే అక్కడ వదిలినవి సంతానోత్పత్తి చేయగలిగినవి, వదిలింది కావాలని. అమెరికా దుకాణాల్లో దొరికేవి చాలావరకు పిల్లలు పుట్టకుండా ముందే శస్త్రచికిత్స చేసినవి. ఈ తేడాను పక్కనపెట్టి రెంటినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఫెర్రెట్ కరిస్తే రేబిస్ సోకుతుందన్న మరో భయం కూడా కొంత తగ్గింది: ఫెర్రెట్లకు టీకా 1990లో ఆమోదం పొందింది. 1996లో మసాచుసెట్స్ నిషేధం ఎత్తివేసింది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన సడలింపు బిల్లును మాత్రం 2004లో గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ వీటో చేశారు. న్యూయార్క్ నగరంలోనూ 2015లో ఆరోగ్య మండలి ఓటింగ్‌లో నిషేధం తొలగించే ప్రతిపాదనకు చాలినన్ని ఓట్లు రాలేదు. స్థానిక పక్షులున్న, రేబిస్ లేని హవాయి దీవులు నిషేధాన్ని కొనసాగించడాన్ని అర్థం చేసుకోవచ్చు. కాలిఫోర్నియా విషయంలో మాత్రం పర్యావరణ ప్రభావ అధ్యయనం జరిగాకే సడలింపు అన్న షరతు అడ్డుగా నిలిచింది. ఆ అధ్యయనం బాధ్యతను రాష్ట్రమే తీసుకోవాలి.