రెగ్యులర్ వెర్బ్స్: చివర ‘ఇ-డి’ తగిలిస్తే అయిపోతుందా?

అపోహ: పన్నెండు టెన్సులకు పన్నెండు రూపాలు బట్టీ పట్టాలి.

వాస్తవం: రెగ్యులర్ వెర్బ్‌కు, అంటే భూతకాలంలో చివర ‘ఇ-డి’ చేరే క్రియకు, ఉన్నవి నాలుగే రూపాలు. వాక్, వాక్స్, వాకింగ్, వాక్ట్ (రాసేది ఇ-డి, పలికేది ‘ట్’; ఎందుకో కింద చూద్దాం). ‘విల్ వాక్’, ‘వజ్ వాకింగ్’, ‘హ్యాడ్ బీన్ వాకింగ్’ లాంటివన్నీ ఈ నాలుగింటిలో ఏదో ఒకదానికి ముందు బి, హ్యావ్, విల్ చేర్చి కట్టినవే. నిజంగా నోటికి రావాల్సింది ఆ హెల్పింగ్ వెర్బ్‌ల రూపాలు. పట్టికలు చదివేవాళ్లు దాటేసేది కూడా వాటినే.

అపోహ: జరిగిపోయిన పని గురించి చెబుతున్నాం కాబట్టి వెర్బ్‌కు ‘ఇ-డి’ ఉండి తీరాలి.

వాస్తవం: ‘ఐ డిడ్ నాట్ కాల్డ్’, ‘డిడ్ యూ వాక్ట్?’ అనే తప్పులు ఇక్కడే పుడతాయి. ఇంగ్లిష్‌లో కాలం గుర్తు ఒక్కచోటే పడుతుంది, అదీ వరసలో మొదట వచ్చే క్రియ మీద. ‘డు’ కాస్తా ‘డిడ్’ అయ్యాక భూతకాలం అక్కడే తీరిపోయింది. దాని వెనక వచ్చే వెర్బ్ మూలరూపంలోనే ఉండాలి: ‘ఐ డిడ్ నాట్ కాల్’. ‘ఎస్’ సంగతీ అంతే. ‘షి వర్క్స్’ సరైనదే, కానీ ‘షి డజ్ నాట్ వర్క్’, ‘డజ్ షి వర్క్?’ అనాలి. ‘షి కెన్ వర్క్స్’ తప్పు: కెన్, విల్, మస్ట్ తాము ‘ఎస్’ తీసుకోవు, వెనకవాటినీ తీసుకోనివ్వవు.

మరి ‘హ్యాజ్ వాక్ట్’లో ‘ఇ-డి’ ఎందుకుంది? అది కాలం గుర్తు కాదు, వి3 (పాస్ట్ పార్టిసిపుల్, ‘హ్యావ్’ వెనక వచ్చే రూపం). రెగ్యులర్ వెర్బ్‌లో వి2 (భూతకాల రూపం), వి3 ఒకేలా ఉండటంతో తేడా కంటికి కనపడదు. అనుమానం వస్తే ఆ చోట ‘గో’ పెట్టి చూడండి. ‘వెంట్’ అతికితే వి2, ‘గాన్’ అతికితే వి3.

అపోహ: ‘ఐ కాల్డ్’ అన్నా ‘ఐ హ్యావ్ కాల్డ్’ అన్నా ఒకటే.

వాస్తవం: ‘యెస్టర్‌డే’, ‘లాస్ట్ వీక్’, ‘2019లో’ అంటూ ముగిసిపోయిన సమయం చెబితే ‘హ్యావ్’ రాకూడదు. ‘ఐ కాల్డ్ హిమ్ యెస్టర్‌డే.’

అపోహ: ‘ఇ-డి’ని ఎక్కడైనా ‘ఎడ్’ అనే పలకాలి.

వాస్తవం: మూడు ఉచ్చారణలు ఉన్నాయి. ఏది రావాలో మూలక్రియ చివరి ధ్వని తేలుస్తుంది. చివర ట్ లేదా డ్ ఉంటే ‘ఇడ్’: వాంటిడ్, నీడిడ్. రెండు ట్‌లు పక్కపక్కన పలకలేం కనుక మధ్యలో అచ్చు దూరింది. మాటకు ఒక దరువు పెరిగేది ఇక్కడ మాత్రమే. క్, ప్, ఫ్, స్, ష్, చ్ ఉంటే ‘ట్’: హెల్ప్ట్, వాష్ట్, వాచ్ట్. మిగతావాటికి ‘డ్’: కాల్డ్, ప్లేడ్, ఓపెన్డ్. రాతను నమ్మొద్దు. ‘లాఫ్’ చివర కనిపించేది జి-హెచ్, వినిపించేది ఫ్, కాబట్టి ‘లాఫ్ట్’. తేల్చుకోలేకపోతే గొంతు మీద వేలు పెట్టి చివరి ధ్వనిని పలకండి: అదురు లేకపోతే ‘ట్’.

అచ్చుతో ముగిసే తెలుగు మాటలకు అలవాటుపడ్డ నోరు రెండు హల్లుల మధ్య ఓ అచ్చును ఇరికించి ‘వాకెడ్’, ‘హెల్పెడ్’ అనేస్తుంది. ‘వికెడ్’, ‘నేకెడ్’లలో ఆ అచ్చు ఉంటుంది కదా అంటే, అవి విశేషణాలు, వాటి దారి వేరు.

అపోహ: తెలుగులో ‘-తున్నాను’ ఉంటే ఇంగ్లిష్‌లో ‘ఇంగ్’ పెట్టేయొచ్చు.

వాస్తవం: ‘నిన్ను నమ్ముతున్నాను’ అనడానికి ‘ఐ బిలీవ్ యూ’ చాలు. బిలీవ్, వాంట్, నీడ్, బిలాంగ్ స్థితిని చెప్పేవి, మామూలుగా ‘ఇంగ్’ తీసుకోవు. దీనికి తోడు ఇంకో చిక్కు: ‘రోజూ నడుస్తాను’, ‘రేపు నడుస్తాను’ రెండింటికీ మనకు ఒకే రూపం. ఇంగ్లిష్‌లో మొదటిది ‘ఐ వాక్’, రెండోది ‘ఐ విల్ వాక్’. అందుకే రోజువారీ అలవాటు చెప్పేటప్పుడు అనవసరంగా ‘విల్’ వచ్చి కూర్చుంటుంది.

అపోహ: రెగ్యులర్ అంటే స్పెల్లింగ్ కదలదు.

వాస్తవం: బాగానే కదులుతుంది. చివర ఒకే అచ్చు, ఆపై ఒకే హల్లు ఉండి, ఒత్తి పలికేది ఆ భాగాన్నే అయితే హల్లు రెట్టింపవుతుంది. ‘స్టాప్’కు రెండు పి-లు, ‘ప్రిఫర్’కు రెండు ఆర్-లు. ‘విజిట్’లో ఒత్తు మొదటి భాగం మీద పడుతుంది కనుక ఒకే టి. డబ్ల్యూ, ఎక్స్, వై ఎప్పుడూ రెట్టింపు కావు. ‘ట్రావెల్’కు బ్రిటిష్ రాతలో రెండు ఎల్-లు, అమెరికన్ రాతలో ఒకటి, ఏదో ఒకటి ఎంచుకుని రాత మొత్తం దానికే కట్టుబడండి. ‘స్టడీ’లో వై పోయి ‘ఐ-ఇ-డి’ వస్తుంది, ‘ఇంగ్’ చేరిస్తే మాత్రం వై ఉండిపోతుంది. ‘ప్లే’లో వైకి ముందు అచ్చు ఉంది, మార్పు లేదు. ‘ప్యానిక్’కు ‘ఇ-డి’ ముందు ఒక కె చేర్చాలి, లేదంటే సి-ఇ కలిసి ‘స’ అని చదువుకునే ప్రమాదం.

అపోహ: రూపం చూడగానే రెగ్యులరో కాదో తెలిసిపోతుంది.

వాస్తవం: కట్, పుట్ భూతకాలంలో అసలు మారవు కాబట్టి రెగ్యులర్ అనుకుంటారు, కావు. ‘హెల్ప్’కు ఒకప్పుడు ‘హోల్ప్’ అనే భూతకాల రూపం ఉండేది, తర్వాత ‘ఇ-డి’ దారిలోకి వచ్చేసింది. గూగుల్, ఈమెయిల్ లాంటి కొత్త క్రియలు పుట్టుకతోనే రెగ్యులర్. ‘ఫౌండ్’ దగ్గర మాత్రం ఆగి చూసుకోండి: ‘ఫైండ్’కు అది భూతకాలం, ‘స్థాపించు’ అనే అర్థంలో అదే మూలరూపం, అప్పుడు భూతకాలం ‘ఫౌండిడ్’.