జూన్‌లో పుట్టిన పిల్లలు, అండర్-17 ఫుట్‌బాల్

మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒక తరమంతా జూన్ నెలలోనే పుట్టినట్టుంటుంది. బడిలో చేర్చే రోజున తేదీ గుర్తులేదంటే హెడ్మాస్టరు గారే జూన్ ఒకటో, జులై ఒకటో రాసేసేవారు. వయసు చాలకపోతే ఒక ఏడాది కలిపేవారు కూడా. రిటైర్మెంట్ దగ్గర పడేదాకా ఆ తేదీతో ఎవరికీ పెద్దగా పని పడేది కాదు. ఇప్పటి పిల్లలు ఎక్కువగా ఆసుపత్రుల్లోనే పుడుతున్నా, బడి రికార్డు ఒక తేదీ, ఆధార్ ఇంకో తేదీ చెప్పే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఫుట్‌బాల్ ఆడే అమ్మాయి ఉన్న ఇంట్లో ఇదే పెద్ద టెన్షన్.

ఎందుకంటే వయసు ఆటల్లో గీత చాలా కచ్చితం. 2026 అండర్-17 మహిళల ఆసియా కప్‌కి 2009 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే అర్హులు. బుచ్చిరెడ్డిపాలెంలో 2008 డిసెంబరు 31 రాత్రి పుట్టిన పిల్ల ఎంత బాగా ఆడినా లెక్కలోకి రాదు.

ఆ గీతకి ఇవతల ఉన్న మన దేశపు అమ్మాయిలే 2025 అక్టోబరు 17న కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌లో ఉజ్బెకిస్తాన్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత తెచ్చుకున్నారు. ముందు గోల్ కొట్టింది ఉజ్బెకిస్తానే. తర్వాత తండమోని బాస్కే, అనుష్క కుమారి చెరొకటి కొట్టి మ్యాచ్‌ని తిప్పేశారు. అంతకు నాలుగు రోజుల ముందు కిర్గిజ్‌స్తాన్ మీద గెలిచిందీ 2-1తోనే. మొత్తం ఆడింది రెండే మ్యాచ్‌లు. 20 ఏళ్ల తర్వాత వచ్చిన అవకాశం అని అంతా రాశారు. అది సగం నిజమే. 2005లో దక్షిణ కొరియాలోని నామ్హేలో ఈ టోర్నీ మొదటిసారి జరిగినప్పుడు మనవాళ్లు ఆడారు గానీ, క్వాలిఫయర్స్ (అర్హత మ్యాచ్‌లు) గెలిచి వెళ్లింది కాదు. గెలిచి వెళ్లడం ఇదే మొదలు.

అసలు అమ్మాయిలకి వయసువారీ టోర్నీలు వచ్చిందే ఆలస్యంగా. మన సీనియర్ మహిళల జట్టు 1980ల మొదట్లోనే ఆసియాలో రెండో స్థానం దాకా వెళ్లింది. వాళ్ల వెనక వచ్చే పిల్లలకి మాత్రం మెట్లు లేవు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా 2002లో అండర్-19 ప్రపంచ పోటీతో మొదలుపెట్టింది. దానికి ఆసియా నుంచి వెళ్లే జట్లని తేల్చే పోటీ జరిగింది మన గోవాలోనే. తర్వాత అది అండర్-20 అయింది. అండర్-17 ప్రపంచ కప్ 2008లో న్యూజిలాండ్‌లో మొదలైంది.

మెట్లు వచ్చాయి గానీ గుమ్మం ఇరుకు. చాలాకాలం అండర్-17 ఆసియా టోర్నీలో ఎనిమిది జట్లే. అందులో ఆతిథ్య దేశానికి ఒకటి, గత టోర్నీలో పైన నిలిచిన జట్లకి మూడు పోయేవి. ఆ పైన నిలిచేవి ఎప్పుడూ జపాన్, ఉత్తర కొరియా, దక్షిణ కొరియా, చైనాల్లోంచే. ఇక ఆసియా మొత్తం కొట్టుకోవాల్సింది మిగిలిన నాలుగు సీట్ల కోసం. 2023లో మనవాళ్లు ఇదే బిష్కెక్‌లో మొదటి రౌండ్ గెలిచి కూడా రెండో రౌండ్ దాటలేకపోయారు. 2026 టోర్నీకి జట్లని 12 చేశారు. రెండు రౌండ్ల పద్ధతి పోయి, ఎనిమిది గ్రూపుల్లో ఒక్కో విజేత నేరుగా వెళ్లే ఏర్పాటు వచ్చింది. గుమ్మం వెడల్పు చేశారు కాబట్టే వెళ్లగలిగారని తీసిపారేసేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. అంతకుముందు ఆగస్టులో అండర్-20 అమ్మాయిలు యాంగోన్‌లో మయన్మార్‌ను వాళ్ల గడ్డ మీదే 1-0తో ఓడించి తమ ఆసియా కప్‌కి వెళ్లారు. అప్పుడు రెండు జట్లకీ కోచ్ ఒకరే, జోయాకిమ్ అలెగ్జాండర్సన్.

దీనికి పక్కన 2022ని పెట్టి చూడండి. అండర్-17 ప్రపంచ కప్ మన దేశంలోనే జరిగింది కాబట్టి క్వాలిఫయర్స్ ఆడకుండానే మనకి చోటు దొరికింది. అమెరికా మీద 0-8, మొరాకో మీద 0-3, బ్రెజిల్ మీద 0-5. పిల్లల తప్పేం లేదు. పెద్ద మ్యాచ్ గెలిచి చూడని జట్టుని తీసుకెళ్లి నేరుగా అమెరికా ముందు నిలబెట్టాం. టోర్నీకి రెండు నెలల ముందు ఫిఫా మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్యని సస్పెండ్ చేసి, పదకొండు రోజులకి ఎత్తేసింది. అదీ ఆ పిల్లలు మోయాల్సి వచ్చింది.

అంతకన్నా బాధ అనిపించేది వాళ్లకి ముందు బ్యాచ్. ఆ ప్రపంచ కప్ 2020లోనే ఇక్కడ జరగాలి. కోవిడ్‌తో ముందు వాయిదా పడింది, తర్వాత రద్దయింది. 2003, 2004లో పుట్టినవాళ్లు ఏళ్ల తరబడి క్యాంపుల్లో ఉండి, 2022 వచ్చేసరికి వయసు దాటిపోయారు. ఆసియా టోర్నీ కూడా రద్దవడంతో 2022 ప్రపంచ కప్‌లో ఆసియా సీట్లని 2019 ఆసియా టోర్నీలో అక్కలు సాధించిన స్థానాలు చూసి ఇచ్చారు.

కోవిడ్ లేకపోయినా రెండేళ్లకోసారి జరగడంలోనే ఒక మెలిక ఉంది. 2022కి గీత 2005 జనవరి 1, 2024కి 2007 జనవరి 1. 2005లో పుట్టిన పిల్ల పదిహేడో ఏట ఆడుతుంది. 2006లో పుట్టిన చెల్లెలు పదహారో ఏటే ఆడాలి, ఆ తర్వాత తనకి ఈ కప్ లేదు. ఆ వయసులో ఒక్క ఏడాదికి ఎముక బలం ఎంత మారుతుందో పీఈటీ సార్లని అడగండి. 2025 నుంచి ప్రపంచ కప్ ఏటా మొరాకోలో జరుగుతోంది, 24 జట్లతో. ఈ మెలిక పోయినట్టే.

ఇక మన వైపు సంగతి. ఫుట్‌బాల్ ఆడే అమ్మాయికి నెల్లూరులోనో ఒంగోలులోనో జిల్లా సెలక్షన్స్, ఆపైన రాష్ట్ర జట్టు, జాతీయ జూనియర్ పోటీలు, అక్కడ ఎవరి కంట్లోనైనా పడితే క్యాంపు. బడి తరఫున సుబ్రతో కప్ ఉంది. అందులో అమ్మాయిల అండర్-17 విభాగం 2012లో గానీ రాలేదు. రాష్ట్రంలో అమ్మాయిల ఫుట్‌బాల్ అంటే ముందు చెప్పుకునేది అనంతపురం పేరే, అక్కడి ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పెంచిన ఆట అది. సముద్రం పక్కనున్న మన ఊళ్ల నుంచి అంత దూరం పన్నెండేళ్ల ఆడపిల్లని పంపడానికి ఎన్ని ఇళ్లు ఒప్పుకుంటాయి?

కావలి దగ్గర నాకు తెలిసిన ఒక పీఈటీ సారు కొత్తగా ఆడటానికి వచ్చిన పిల్లని ముందు షూ ఉన్నాయా అని అడగరు. "మీ అమ్మని పుట్టినతేదీ సర్టిఫికెట్ తీసుకురమ్మనమ్మా" అంటారు. ఆధార్‌తో, బడి రికార్డుతో ఒకదానికొకటి పెట్టి చూసి, తేడా ఉంటే ఏడో తరగతిలోనే దిద్దించుకోమంటారు. తర్వాతే బంతి ఇస్తారు. 2027కి గీత 2010 జనవరి 1 అవుతుందని ఆయన నోటుపుస్తకం అట్ట మీద ఇప్పటికే రాసుకున్నారు.