ముసలి కణంలో దారి తప్పే ప్రొటీన్లు

కావలి, అల్లూరు వైపు పొద్దున్నే దించిన తాటికల్లు మధ్యాహ్నానికి పుల్లబడి నురగ కడుతుంది. ఆ నురగ చాలావరకు ఈస్ట్ పని. ఒంగోలు బేకరీలో బన్ను పొంగేదీ ఈస్ట్ వల్లే. ముసలితనం గురించి మనకు తెలిసిన సంగతుల్లో చాలా వాటిని ఈ ఒంటికణపు జీవిలోనే ముందు పట్టుకున్నారు. ఈస్ట్ తల్లి కణం మొగ్గ తొడిగి పిల్లని కంటుంది. ప్రతి పిల్లకీ తల్లి ఒంటి మీద ఒక మచ్చ మిగులుతుంది. సుమారు పాతిక మంది పిల్లలయ్యాక ఇక కనలేదు.

వయసు మీద పడిందంటే ఒంట్లో ఏది తగ్గింది, ఏది పెరిగింది అనే అడుగుతాం. రక్తపరీక్ష కాగితంలో ఉండేవీ ఆ అంకెలే. ఫలానా ప్రొటీన్ కణంలో ఎక్కడుంది అన్నది కూడా అంతే ముఖ్యమని నా నమ్మకం.

ఉత్తరం మీద 524001 అని ఉంటే అది నెల్లూరు చేరినట్టు, చాలా ప్రొటీన్ల గొలుసులోనే చిరునామా రాసి ఉంటుంది. దీన్ని కనిపెట్టినందుకు జీవశాస్త్రవేత్త గుంటర్ బ్లోబెల్‌కి 1999లో నోబెల్ వచ్చింది. ఆ చిరునామా ముసలి కణంలో కూడా చెక్కుచెదరకపోవచ్చు. అయినా ప్రొటీన్ చోటు మారుతుంది. ఈస్ట్‌లో సర్ అనే ప్రొటీన్లు క్రోమోజోముల కొసల దగ్గర కూర్చుని కొన్ని జీన్లు పనిచేయకుండా ఆపుతాయి. కణం ముసలిదయ్యాక అవి అక్కడి నుంచి లేచి కేంద్రకం లోపలుండే కేంద్రకాంశం అనే భాగానికి చేరతాయని 1997లో తేలింది. ముసలి ఈస్ట్‌లో డీఎన్‌ఏ చిక్కులు ఎక్కువగా పుట్టే చోటు అదే. కాబట్టి చోటు మారిన ప్రతిసారీ కణం చెడిపోయిందనుకోకూడదు. సర్దుకుపోవడానికి చేసే ప్రయత్నం కూడా కావచ్చు.

మన నాడీకణాల సంగతి వేరు. పుట్టాక వాటిలో చాలా వరకు మళ్ళీ విభజన చెందవు. కేంద్రకం చుట్టూ ఉన్న పొరలో రాకపోకలకి రంధ్రాలుంటాయి. వాటి చట్రంలోని కొన్ని ప్రొటీన్లు ఒకసారి అమరాక ఏళ్ళ తరబడి మార్పిడి లేకుండా అలాగే ఉంటాయి. వయసుతో ఆ రంధ్రాలు అరిగిపోతాయి. ముసలి ఎలుకల మెదడులో, కేంద్రకం బయటే ఉండాల్సిన ట్యూబులిన్ అనే ప్రొటీన్ లోపలికి కారడం 2009లో చూశారు.

టీడీపీ-43 అనే ప్రొటీన్‌ది దీనికి తిరగబడ్డ కథ. దాని చోటు కేంద్రకం, పని ఆర్‌ఎన్‌ఏని, అంటే జీన్ల నకలుని, సరిచూడటం. కండరాలు చచ్చుబడే ఏఎల్ఎస్ జబ్బులో అది బయటికొచ్చి గడ్డకడుతుందని 2006లో బయటపడింది. ఎనభై దాటిన ఎందరో పెద్దల మెదళ్ళలో కూడా, మతిమరుపుతో పాటు, ఇదే కనిపిస్తోంది. ఇంట్లో అమ్మమ్మ పేర్లు మర్చిపోతుంటే 'వయసు కదా' అని ఊరుకుంటాం. అలా ఊరుకోకూడదు. ఇక్కడ నష్టం రెండు వైపులా ఉంది: బయట గడ్డలు, లోపల చేసే దిక్కులేక ఆగిపోయిన పని. అందుకే గడ్డలు కరిగించడంతో సరిపెట్టకుండా, ప్రొటీన్‌ని మళ్ళీ కేంద్రకంలోకి చేర్చే దారుల కోసం కూడా ల్యాబుల్లో వెతుకుతున్నారు.