సరంగు మాట బరువెంత?

తుపాను కబురు వచ్చిన రోజు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటుకో అంచనా నడుస్తుంది. మాటలు సాగేకొద్దీ ఒక్కో బోటు ఒక్కో అంకె మీదికి వస్తుంది. ఆ అంకె ఎవరిది? ఒకరి మాట విని ఒకరు అంచనా మార్చుకునే ఈ తీరుని 1974లో మోరిస్ డీగ్రూట్ అనే గణాంక శాస్త్రవేత్త కూడికలు, గుణకారాలతో లెక్కగట్టాడు.

ఊహకు ఒక బోటు తీసుకుందాం. రేపు గాలి గంటకు ఎన్ని కిలోమీటర్లు? బోటు నడిపే పెద్ద, అంటే సరంగు, 30 అంటాడు, పాత కలాసీ 45, కొత్త కుర్రాడు 70. సరంగు పది పాళ్లలో ఎనిమిది తన మాటకే ఇస్తాడు, రెండు కలాసీకి. కలాసీ సరంగుకు నాలుగు, తనకు ఆరు. కుర్రాడు కలాసీకి సగం, తనకు సగం. కుర్రాణ్ని అడిగే నాథుడు లేడు.

ఒక విడత మాట్లాడుకున్నాక సరంగు 0.8×30 + 0.2×45 = 33. కలాసీ 39, కుర్రాడు 57.5. రెండో విడతకి 34.2, 36.6, 48.25. చివరికి ముగ్గురూ 35 దగ్గర ఆగుతారు. అందులో మూడింట రెండొంతుల బరువు సరంగుది, మిగతాది కలాసీది. కుర్రాడు 700 అన్నా అదే 35! ఇలా పాళ్ల పట్టికతో అంకెల్ని గుణించడమే మాత్రికల గుణకారం. డిగ్రీలో దాన్ని బట్టీ పట్టిస్తారు గానీ, ఈ సరదా చూపించరు.

ఇప్పుడు విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం రేడియో బులెటిన్‌లో 70 అని చెప్పిందనుకుందాం. సరంగు తన ఎనిమిదిలో ఒక్క పాలు రేడియోకి ఇచ్చాడు. అంతే, ముగ్గురూ చివరికి చేరేది 70కే. మనుషులు ఒకరి మాటకొకరు మెత్తబడతారు. బులెటిన్ అంకె మారేది కొత్త కొలతలకే. చిక్కల్లా వేగంతోనే: పది విడతలైనా సరంగు 53, కలాసీ 50. ఈలోగా బోటు లంగరెత్తేస్తుంది. ఇద్దరూ తమ మాటకు ఉంచుకున్న పాళ్లలోంచి మూడేసి రేడియోకి ఇస్తే, సరంగు మూడో విడతకే 58కి వస్తాడు.

మళ్లీ రేడియోకి సరంగు ఒక్క పాలే ఉంచి, కలాసీ ఫోన్‌కి 'గాలి 30 దాటదు' అనే ఫార్వర్డ్ వచ్చిందనుకోండి. పిల్లి శకునంలాగే దానికీ మొండితనం: ఎన్నిసార్లు తప్పినా మాట మార్చదు. కలాసీ తన ఆరులో ఒక పాలు దానికిచ్చాడా, ఇక రాజీ లేదు. సరంగు 58.6 దగ్గర, కలాసీ 52.9 దగ్గర ఆగిపోతారు. కుర్రాడు వినేది కలాసీనే కనక, 70తో మొదలెట్టినవాడు కూడా 52.9కే దిగుతాడు.