కర్నూలు చుట్టుపక్కల బాడుగలతో రవాణా వ్యాపారం: అపోహలు - వాస్తవాలు

కొత్తగా బండి కొనాలనుకునే యువకులు నా దగ్గరకు వచ్చినప్పుడు ముందుగా అడిగేది హైదరాబాదు, బెంగళూరు లోడ్ల గురించే. 44వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కనుంచే పోతున్నప్పుడు ఆ ఆలోచన రావడం సహజం. అయినా ఒకే బండితో దిగేవారు తొలి ఏడాది కర్నూలు, ఆదోని, నంద్యాల, బేతంచెర్లల మధ్యనే తిరగాలని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: దూరం వెళ్తేనే బాడుగ గిట్టుబాటవుతుంది, లోకల్‌లో మిగిలేది చిల్లరే.

వాస్తవం: చేతికొచ్చే బాడుగ వేరు, అందులో మిగిలేది వేరు. ఒక పికప్ బండికి నెలకు కంతు 22,000 రూపాయలు, డ్రైవరు జీతం 15,000, బీమా, పన్ను, ఫిట్‌నెస్ ఖర్చులను నెలలకు పంచితే 5,000 అనుకుందాం. ఈ 42,000ను 25 పనిదినాలకు పంచితే, చక్రం కదలకముందే రోజుకు 1,680 రూపాయల ఖర్చు నెత్తిమీద ఉంటుంది. డీజిలు, టైర్లు, మరమ్మతులు కలిపి కిలోమీటరుకు 11 రూపాయలు వేసుకుంటే, సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని ఆదోనికి లోడుతో వెళ్లి ఖాళీగా తిరిగి వచ్చిన రోజు మొత్తం ఖర్చు 3,880 రూపాయలు. ఆ ట్రిప్పును 3,500కు ఒప్పుకున్నవారికి 380 రూపాయలు చేతినుంచి పడ్డట్టే. అదే రోజు మార్కెట్ యార్డు నుంచి ఊళ్లోని దుకాణాలకు, రానూపోనూ 20 కిలోమీటర్లు మించని ట్రిప్పులు మూడు, ఒక్కొక్కటి 1,200 చొప్పున తోలితే, 3,600లో 2,340 ఖర్చు పోగా 1,260 మిగులుతుంది. ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవే. మీ బండి లెక్క మీరే వేసుకోవాలి. ఆదోని ట్రిప్పును ముంచింది మాత్రం ఖాళీగా నడిచిన ఆ 100 కిలోమీటర్లే. ఆదోని మిల్లుల నుంచి కర్నూలు వైపు పత్తి చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) ఎవరు, ఏ రోజుల్లో పంపుతారో తెలిసిన మనిషి ఖాళీగా రాడు. ఆ పరిచయం ఏడాది పాటు అక్కడే తిరిగితే వస్తుంది. పరిచయం లేని పెద్ద నగరంలో బ్రోకరు చెప్పిందే బాడుగ అవుతుంది, లోడు కోసం ఆగిన రోజు బత్తా కూడా యజమానే పెట్టుకోవాలి.

లోకల్‌లోనూ ఒకే సరుకును నమ్ముకోకూడదు. ఖరీఫ్ ఉల్లి ఆగస్టు నుంచి యార్డుకు వస్తుంది, ఆ తర్వాత పత్తి, వేసవిలో బనగానపల్లె మామిడి. ఏడాది పొడవునా దొరికేది బేతంచెర్ల నాపరాయి బండల లోడు.

అపోహ: బండిలో చోటు ఉన్నంత వరకు ఎక్కించవచ్చు.

వాస్తవం: ఈ అపోహ బండల లోడులోనే ఎక్కువగా ముంచుతుంది. అంగుళం మందం ఉన్న 100 చదరపు అడుగుల బండలు 600 కిలోలకు పైగా తూగుతాయి కాబట్టి, తొట్టి ముక్కాలు ఖాళీగా కనిపిస్తున్నప్పుడే పరిమితి దాటిపోతుంది. ఆర్సీలో రాసిన మొత్తం బరువులో నుంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేదే మీరు మోయగలిగిన బరువు, డ్రైవరు, హమాలీలు కూడా అందులోని వారే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, దానిపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున పడుతుంది, మిగులు సరుకు దించేదాకా బండిని కదలనివ్వరు. బయలుదేరే ముందు కాటా వేయించండి. బండలను పడుకోబెట్టి పేర్చనివ్వకండి, అంచు మీద నిలబెట్టి మధ్యలో గడ్డి కూరితేనే పగలకుండా చేరతాయి.

అపోహ: చిన్న బండికి కాగితాలతో పనిలేదు.

వాస్తవం: మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి పర్మిట్ అక్కర్లేదన్న మాట నిజమే. 7,500 కిలోల వరకు ఉన్న బండిని సాధారణ లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది. అంతమాత్రాన ఫిట్‌నెస్, బీమా, కాలుష్య ధ్రువపత్రాలు తప్పవు. ఫిట్‌నెస్‌ను బండికి 8 ఏళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. థర్డ్ పార్టీ బీమా మీరు మోసే సరుకుకు వర్తించదు. పన్ను పడే సరుకు విలువ 50,000 దాటితే, జిల్లా దాటకపోయినా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) ఉండాలి, ఉల్లి వంటి తాజా కూరగాయలకు అవసరం లేదు. బండలకు ఉంది, అందుకే బిల్లు చేతికి రానిదే ఫ్యాక్టరీ గేటు దాటవద్దు.

అపోహ: తెలిసినవారి బాడుగ ఎక్కడికీ పోదు, నెలాఖరుకు తీసుకోవచ్చు.

వాస్తవం: డీజిలు బంకు వారు ఎవరికీ నెలాఖరు దాకా ఆగరు. కనీసం డీజిలు ఖర్చయినా లోడు ఎక్కేటప్పుడే తీసుకోవాలి, మిగతాది సరుకు దించిన చోటే, రాసిచ్చిన చీటీ మీద సంతకం పెట్టించుకుని వసూలు చేయాలి. నేను మొదటి ఏడాది ఒక వ్యాపారి దగ్గర పదకొండు ట్రిప్పుల బాకీ పేర్చుకున్నాను. ఆయన దుకాణం మూసేసిన రోజు నా చేతిలో ఒక్క చీటీ కూడా లేదు.